మా అమ్మ మొహం, వాళ్ళ సైటు

ఇంటర్నెట్ తొలిరోజులు ఎంత బాగుండేవో అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. అప్పట్లో మనుషులే కూర్చుని ఒక్కొక్క వెబ్‌సైటూ తెరిచి చూసి, పనికొచ్చేదయితేనే డైరెక్టరీలో చేర్చేవాళ్ళట. జీతం తీసుకోకుండా, లోకం బాగు కోసం చేసేవాళ్ళట. అలాంటివాణ్ణి ఒకణ్ణి నేను దగ్గరగా చూశాను. గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద ఏసీ గదిలో కూర్చునేవాడు. అతను చేసిన బాగు ఏమిటో చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. బి.కాం. అయ్యి, కంప్యూటర్ డిప్లొమా చేసి, గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి దగ్గర పనికి కుదిరాను. బిల్లులు టైపు చేయడం, ఫోన్లు ఎత్తడం నా పని. మా యజమాని చిలకలూరిపేట పక్క పల్లె నుంచి వచ్చిన ముస్లిం. ఇంట్లోనూ కొట్టులోనూ తెలుగే మాట్లాడేవారు. రైతుల దగ్గర కాయ కొని, కళ్ళంలో ఆరబోయించి, తొడిమలు తీయించి, రంగునుబట్టి వేరు చేయించి పెద్ద ఎగుమతి కంపెనీలకు అమ్మేవారు. వాళ్ళు దాన్ని తమ సంచుల్లోకి మార్చి, తమ ముద్ర కొట్టి ఓడ ఎక్కించేవాళ్ళు.

"మన కాయ ఏ దేశం పోతుందో, ఎవడు తింటున్నాడో మనకే తెలీదమ్మా. తినేవాడికీ మనం తెలీదు. ఒక్కసారి తెలిస్తే బాగుండు," అనేవారు ఆయన.

ఆ ఒక్క మాట కోసమే వెబ్‌సైటు. డిప్లొమాలో నేర్చుకున్న కాస్త హెచ్‌టీఎంఎల్‌తో నేనే చేస్తానన్నాను. ఆయన సంబరపడి కంప్యూటర్ పక్కన నాకొక ఫ్యాన్ పెట్టించారు.

మా అమ్మ అదే కళ్ళంలో తొడిమలు తీసే కూలి. నాన్న పోయాక ఆ పనితోనే నన్ను చదివించింది. మిరపకాయ తొడిమ తీసే ఆడవాళ్ళ చేతులు ఎలా ఉంటాయో చూసినవాళ్ళకే తెలుస్తుంది. సీజన్‌లో ఆమె రాత్రి అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. ముద్ద కలిపితే వేళ్ళు భగ్గుమనేవి. నేను పసిపిల్లగా ఉన్నప్పుడు ఆ చేతులతో నా కళ్ళు తుడవడానికి భయపడి, మోచేత్తో తుడిచేదట.

సైటుకి ఫోటోలు కావాలంటే మా యజమాని అన్నారు: "సూటూ బూటూ వేసుకున్నోళ్ళని పెట్టొద్దమ్మా. పని చేసేవాళ్ళని చూపించు." స్టూడియోలో కెమెరా అరువు తీసుకుని కళ్ళానికి వెళ్ళాను. ఎర్రటి కాయ కనుచూపు మేర పరిచి ఉంది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని, మొహాలకు గుడ్డలు కట్టుకుని దగ్గుతూనే చకచకా తొడిమలు తుంచుతున్నారు.

"అమ్మా, ఇటు చూడు."

"ఈ అవతారంతోనా? నీకేం పనిలేదటే!" అంటూనే మొహానికున్న గుడ్డ కిందికి లాగి నవ్వింది. అక్కడే బటన్ నొక్కాను. ఆమె ఫోటోల్లో నవ్వే మనిషి కాదు. చర్చి వార్షికోత్సవంలో తీసిన గ్రూపు ఫోటోలో కూడా బిగుసుకుపోయి ఉంటుంది. అందుకే దాన్నే మొదటి పేజీలో పెట్టాను. కింద, మా కళ్ళంలో ఆడవాళ్ళు చేత్తో తొడిమ తీస్తారనీ, మెషీన్ వాడితే కాయ విరుగుతుందనీ నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. ఆ నాలుగు పేరాలు రాయడానికి నిఘంటువు పక్కన పెట్టుకుని చాలా రోజులు కష్టపడ్డాను.

సైటు పెట్టగానే సరిపోదని తర్వాత అర్థమైంది. ఎవరూ రాలేదు. సెర్చింజన్‌లో మిరపకాయ అని కొడితే ఎన్ని పేజీలు తిప్పినా మేము లేము. ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఆయన చెప్పాడు: అన్నిటికంటే పెద్ద డైరెక్టరీ ఒకటుంది, అందులో పేరు చేరితే సెర్చింజన్లు దాన్ని చూసి మనల్ని పైకి తెస్తాయి, అందులో లేకపోతే ఉన్నా లేనట్టే. ఆ డైరెక్టరీలో దేశం, రాష్ట్రం, వ్యాపారం అని గదులు గదులుగా విభాగాలుంటాయి. ఒక్కో విభాగానికి ఒక స్వచ్ఛంద ఎడిటర్. మనం వివరాలు పంపాలి, అతను చూసి చేర్చాలి. ఒక్కసారే పంపాలి. మళ్ళీ పంపితే వరస చివరికి పోతాం. ఏమైందని అడగకూడదు.

పంపాను. పొద్దున్నే కొట్టు తెరవగానే మా యజమాని అడిగేవారు, బస్సు సంగతి అడిగినట్టు: "ఏమ్మా, ఎక్కామా?"

"ఇంకా లేదు సార్."

ఎండాకాలం పోయింది. వానలొచ్చాయి. కొత్త పంటకు నారు పోసే రోజులొచ్చాయి. ఎక్కలేదు. ఈలోగా ఊరికే కూర్చోలేక కనపడిన చిన్నా చితకా డైరెక్టరీలన్నిటికీ పంపాను. మా లింకు మీరు పెట్టండి, మీ లింకు మేం పెడతాం అనే బేరాలు. వాటివల్ల వచ్చిందేమిటంటే, బట్టతల మీద జుట్టు మొలిపించే మందుల మెయిళ్ళు. లాటరీ తగిలిందన్న మెయిళ్ళు. మిరపకాయ కావాలన్న మెయిలు మాత్రం ఒక్కటీ రాలేదు.

అప్పుడొచ్చాడు బ్రాడీపేట మనిషి. వెబ్‌సైట్లు చేసే కంపెనీ అతనిది. టై కట్టుకుని, మా కొట్టులో ఘాటుకి తుమ్ముతూ, కర్చీఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

"సార్, మీరెన్నాళ్ళు చూసినా ఆ లిస్టింగ్ కదలదు. ఆంధ్రా మసాలా దినుసుల విభాగానికి ఎడిటర్ని నేనే," అన్నాడు.

మా యజమాని నిజంగానే సంతోషపడ్డారు. "మన ఊరివాడేనా! మరి దానికి మీకు జీతం ఎవరిస్తారండీ?"

"జీతం ఉండదండీ. సేవ."

"మంచిది. మరి మాదెప్పుడు చూస్తారు?"

"మా ప్యాకేజీ తీసుకుంటే సైటు మళ్ళీ మేమే డిజైన్ చేస్తాం. ఇది మరీ పిల్లలు చేసినట్టుంది. అది అయ్యాక లిస్టింగ్ దానంతటదే అయిపోతుంది."

"సేవ అన్నారు. సేవకి ప్యాకేజీ ఏంటండీ?"

"ప్యాకేజీ డిజైన్‌కండీ. లిస్టింగ్ ఫ్రీ," అని నవ్వాడు.

మా యజమాని నవ్వలేదు. "మా అమ్మాయి చేసిన సైటుంది. చూడండి. బాగుంటే ఎక్కించండి. బాగోకపోతే బాగోలేదని రాయండి. అంతేగాని, గుడి తలుపు దగ్గర నిలబడి లోపలి దేవుడు నేనే అంటే ఎట్లాగండీ?"

అతను లేచాడు. పోతూ నా వైపు చూసి, "చూద్దాం మేడం," అన్నాడు. ఆ చూద్దాం ఏమిటో కొద్దిరోజుల్లోనే తెలిసింది.

డైరెక్టరీ నుంచి మెయిలు వచ్చింది. మా సైటులోని ఫోటోలూ రాతలూ అప్పటికే చేర్చిన మరో సంస్థ సైటు నుంచి కాపీ చేసినట్టున్నాయి కాబట్టి తిరస్కరిస్తున్నాం అని దాని సారాంశం. రెండుసార్లు చదివాను. ఎవరిదో మాకు వచ్చిందనుకున్నాను. ఆ మరో సంస్థ ఎవరా అని మా విభాగం తెరిచాను. ఉన్నవాటిలో మొదటిది మేము కాయ అమ్మే ఎగుమతి కంపెనీల్లో ఒకటి. నొక్కాను.

మోడెం కనెక్షన్ మీద ఫోటో పైనుంచి కిందికి, పట్టీ పట్టీగా దిగేది. ముందు ఆకాశం. తర్వాత ఎర్ర కాయ. తర్వాత ఒక నుదురు. ఆ నుదురు చూడగానే నాకు తెలిసిపోయింది. కళ్ళు దిగాయి, ముక్కు దిగింది, నవ్వు దిగింది. మా అమ్మ. కింద, అధునాతనమైన పరిశుభ్రమైన మా కర్మాగారంలో ఆనందంగా పనిచేస్తున్న మా ఉద్యోగిని అని రాసి ఉంది. దాని కింద నా నాలుగు పేరాలు. మా కొట్టు పేరున్న చోటల్లా వాళ్ళ పేరు.

వాళ్ళ సైటు చేసిందెవరని వెతకనక్కర్లేకపోయింది. పేజీ అడుగున బ్రాడీపేట మనిషి కంపెనీ పేరు మెరుస్తూ ఉంది.

ఎవరినైనా కొట్టాలనిపించడం నాకదే మొదటిసారి. దొంగిలించి, దొంగిలించిన దాన్ని తానే చేర్చుకుని, సొంతదారు వస్తే దొంగ అని రాసి పంపాడు. రాసినవాడు ఎడిటర్. తీర్పు అతనిదే.

ఇంటికి వెళ్ళి అమ్మకి చెప్పాను. కాపీ, లిస్టింగ్, ర్యాంకు అంటే ఆమెకి అర్థం కాలేదు. కంపెనీ పేరు చెప్పగానే మాత్రం చేతిలో పని ఆపింది.

"ఆళ్ళ దగ్గరా? నేనా?"

"వాళ్ళ ఉద్యోగినివని రాశారమ్మా. ఆనందంగా చేస్తున్నావట."

"ఒక ఏడు ఆళ్ళ గోడౌన్‌కి పోయినానే మేస్త్రితో. మంచినీళ్ళడిగితే గేటు బయట బోరింగు చూపించారు. లోపల ఆఫీసోళ్ళకి కూలర్ ఉంది. మమ్మల్ని ముట్టనీలా. మూడోనాటికి మానేసొచ్చా." చేతిలో పని పక్కన పెట్టి అడిగింది. "ఆ బ్రాడీపేటోడు ఎక్కడ కూర్చుంటాడు?"

"నువ్వెందుకు, నేను మాట్లాడతాలే."

"మొహం నాదా, నీదా?"

మర్నాడు, ఆదివారాలు చర్చికి కట్టే చీర కట్టుకుని బయల్దేరింది. మా యజమాని ఫిల్ము నెగటివులు కవర్లో పెట్టిచ్చి, "గొడవ పడొద్దు. కానీ తగ్గొద్దు," అని చెప్పి పంపారు.

అతని ఆఫీసులో ఇద్దరు ముగ్గురు ఖాతాదారులు కూర్చుని ఉన్నారు. నేను నెగటివులు బల్లమీద పెట్టి, ఆ సైటు తెరవమన్నాను. తెరిచాడు. అమ్మ తెర పక్కకి వెళ్ళి, తన మొహం ఆ మొహం పక్కన పెట్టి నిలబడింది.

"ఇది నేనేనా కాదా చెప్పు బాబూ."

అతను మానిటర్ వైపు కాకుండా నా వైపు చూశాడు. "మా డిజైనర్ ఎవరో పెట్టుంటాడు మేడం. ఇంటర్నెట్‌లో పెట్టాక ఇక అది అందరిదీ. అమ్మగారికి చెప్పినా అర్థం కాదు."

"అందరిదీ అయితే మా సాయిబు గారి కొట్టు కూడా ఎక్కించు మరి," అంది అమ్మ. "ఆ పుస్తకం కూడా అందరిదేగా?" డైరెక్టరీ అంటే నిజంగానే ఎక్కడో ఒక పుస్తకం ఉంటుందని ఆమె అనుకునేది.

కుర్చీల్లో ఎవరో నవ్వారు. అతని మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించి నాతో అన్నాడు: "మేడం, మనం చదువుకున్నవాళ్ళం. విడిగా మాట్లాడుకుందాం. ఆవిణ్ణి బయట కూర్చోమనండి."

ఇన్నేళ్ళయినా ఆ మాట నాకు అరగలేదు. ఆవిణ్ణి బయట కూర్చోమనండి! ఆమె మొహం లోపల కావాలి. మొదటి పేజీలో కావాలి. ఆమె మాత్రం బయట ఉండాలి. గేటు బయట బోరింగు దగ్గర ఉండాలి.

"ఆవిడ మా అమ్మ. మాట్లాడేదేదో ఆవిడ ముందే మాట్లాడండి," అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా లేచిందంటే కింద సైకిల్ షాపు మనిషి తల పైకెత్తి చూశాడు.

అప్పుడు కూడా అతను బేరమే ఆడాడు. "సరే. మీ సార్‌ని ప్యాకేజీ తీసుకోమనండి. ఫోటో తీసేస్తాను, మీ సైటూ ఎక్కిస్తాను. రెండూ ఒకేసారి అయిపోతాయి."

అమ్మకి అందులో ఎంత అర్థమైందో తెలియదు. వెళ్ళి అతని ఎదురుగా ఖాతాదారులు కూర్చునే చక్రాల కుర్చీలో కూర్చుంది. అది గిర్రున తిరిగింది. బల్ల పట్టుకుని ఆపుకుంది. "నా మొహం తీసిందాకా లేవను," అంది.

అతను ఫోన్లు చేశాడు. వేరే గదిలోకి వెళ్ళొచ్చాడు. పోలీసులను పిలుస్తానన్నాడు. "పిలువు బాబూ, ఆళ్ళకీ చూపిద్దాం," అంది. కొత్తగా లోపలికొచ్చిన ప్రతి మనిషికీ ఆమె మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది, కళ్ళంలో ఒకరినొకరు పిలుచుకునే గొంతుతో. "అయ్యా, నువ్వెవరో పెద్దమనిషిలా ఉన్నావు, ఇది చూడు, ఇది నేనేనా?" పాపం, వచ్చినవాళ్ళు తెర చూసేవాళ్ళు, ఆమెను చూసేవాళ్ళు, చెప్పుల వైపు చూసుకునేవాళ్ళు. ఒకాయన మళ్ళీ వస్తానని మెట్లు దిగిపోయాడు. అది చూశాక అతను కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నేను పక్కన నిలబడి పేజీ మళ్ళీ తెరిపించాను. ఫోటో ఉన్నచోట ఖాళీ డబ్బా, దాని మూల చిన్న ఎర్ర ఇంటూ గుర్తు.

"పోయిందా?" అంది అమ్మ.

"పోయిందమ్మా."

లేచి, కొంగు సర్దుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా బయటికి నడిచింది. మెట్లు దిగాక సోడా తాగుదామంది.

ఫోటో పోయింది. నా రాతలు అక్కడే ఉన్నాయి. మా పేరు ఎక్కలేదు. డైరెక్టరీలో పై ఎడిటర్లకి ఫిర్యాదు చేశాను. నెగటివులు స్కాన్ చేయించి జత చేశాను. సముద్రాల అవతల ఎవరో మర్యాదగా రాశారు: ఎడిటర్ల నిర్ణయాల మీద బయటివారితో చర్చించం, సైటు మార్చుకుని మళ్ళీ పంపి వేచి చూడండి. ఏం మార్చుకోవాలి? మా అమ్మనా? ఆ మర్యాద చూస్తే బ్రాడీపేటవాడి మీద కంటే ఎక్కువ కోపం వచ్చింది. అతనికి కనీసం మొహం ఎర్రబడింది. వీళ్ళకి అదీ లేదు.

పంతం పట్టి, నేనే ఎడిటర్‌గా చేరతానని దరఖాస్తు పెట్టాను. కుదరదన్నారు. నేను మిర్చి వ్యాపారంలో పనిచేస్తున్నాను కాబట్టి నిష్పక్షపాతంగా ఉండలేనట. ఆ జవాబు ప్రింటు తీసి మా యజమానికి చూపించాను. ఆయన చదివి, మడిచి, నా చేతికే ఇచ్చారు. "వదిలెయ్యమ్మా. మనం మిరపకాయ అమ్ముకునేవాళ్ళం. వీళ్ళతో కొట్లాడుతూ కూర్చుంటే సీజను పోతుంది," అన్నారు. ఆయన మాటకి ఎదురు చెప్పలేదు గాని, వదిలెయ్యడం నా వల్ల కాలేదు. ఆయన ఆ తర్వాత కూడా కాయ ఆ ఎగుమతి కంపెనీలకే అమ్మారు, ఫోటో దొంగిలించిన ఆ ఒక్క కంపెనీకి తప్ప. దానివల్ల ఆయనకి నష్టమే. ఆ సంగతి ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు. కొన్నాళ్ళకి సైటు గడువు తీరితే మళ్ళీ డబ్బు కట్టలేదు.

నేను ఒక స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరిపోయాను. కొన్నేళ్ళు గడిచాయి. సెర్చింజన్లు తెలివిమీరాయి, డైరెక్టరీలను పట్టించుకునేవాళ్ళు తగ్గారు. ఒకరోజు మా పాత యజమాని ఫోన్ చేసి, వ్యాపారులకి ఇంటర్నెట్ గురించి సదస్సు పెట్టారనీ, తనకి అర్థం కాదు గనక తోడు రమ్మనీ పిలిచారు. వెళ్ళాను. హాలు నిండా మిర్చి, పత్తి, పొగాకు వ్యాపారులు. వేదిక మీద ముఖ్య అతిథిగా బ్రాడీపేట మనిషి. జుట్టు కొంచెం పలచబడింది. గుంటూరుకి ఇంటర్నెట్ తెచ్చిన తొలితరం మనిషి అని పరిచయం చేశారు. అంతర్జాతీయ డైరెక్టరీకి ఏళ్ళ తరబడి ఉచితంగా సేవ చేశారని చప్పట్లు కొట్టించారు.

అతను మాట్లాడుతూ అన్నాడు: "ర్యాంకు కోసం అడ్డదారులు తొక్కొద్దు. సొంతంగా రాయండి, సొంత ఫోటోలు పెట్టండి. నిజాయితీగా ఉంటే ర్యాంకు దానంతటదే వస్తుంది."

మా యజమాని నా చెయ్యి పట్టుకున్నారు. కానీ అప్పటికే లేచి నిలబడ్డాను. మైకు ఇమ్మని అడగలేదు. స్కూల్లో పిల్లలకి చెప్పి చెప్పి నా గొంతుకి మైకు అక్కర్లేదు.

"మా అమ్మ ఫోటో మీ ఖాతాదారు సైటులో పెట్టింది మీరే. ఆ తర్వాత మేము కాపీ కొట్టామని రాసి మమ్మల్ని తిరస్కరించింది కూడా మీరే. అవునా కాదా?"

నిర్వాహకుడు లేచాడు. "అమ్మా, ప్రశ్న ఉంటే అడగండి. ఉపన్యాసం వద్దు."

"ప్రశ్నే అండీ. అవునా కాదా అంటున్నాను."

వేదిక మీద అతను నీళ్ళు తాగాడు. "పాత విషయాలు మేడం. అప్పట్లో చాలామంది ఎడిటర్లుండేవాళ్ళు. ఏదో అపార్థం జరిగుంటుంది," అని చిరునవ్వు నవ్వాడు.

"మా అమ్మ మీ కుర్చీలో కూర్చుంది. గుర్తులేదా? ఆవిణ్ణి బయట కూర్చోమన్నారు."

ఎవరో మైకు తీసుకుని భోజనాలు సిద్ధంగా ఉన్నాయని ప్రకటించారు. వ్యాపారులంతా కుర్చీలు జరుపుకుంటూ లేచారు. అందరూ నన్ను దాటుకునే పోయారు. కొందరు జాలిగా చూశారు. కొందరు అసలు చూడలేదు.

బయట వరండాలో చెప్పులు వేసుకుంటుంటే చిలకలూరిపేటలో కారం మిల్లు నడిపే ఒకాయన దగ్గరకొచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "బాగా అడిగావమ్మా. మా మిల్లు సైటుకీ అదే చేశాడు. ఎంతకీ ఎక్కించలేదు. చివరికి ప్యాకేజీ తీసుకున్నాక ఎక్కించాడు. మా బావమరిదికీ అంతే."

"మరి లోపల ఎందుకు చెప్పలేదండీ? మీరొక్క మాట అనుంటే అతను నవ్వేవాడా?"

ఆయన తల గోక్కున్నాడు. "ఇప్పుడు మా కొత్త సైటు అతనే చేస్తున్నాడమ్మా. పని ఉంటదిగా."

ఆయన లోపలికి, భోజనాల వైపు వెళ్ళిపోయాడు. మా యజమాని నన్ను కూడా తినమని బతిమాలారు. ఆ తిండి నాకు సయించదని చెప్పి, రోడ్డు మీదికొచ్చి బస్సుకోసం నిలబడ్డాను. ఎండ మాడుతోంది. మిర్చి టిక్కీ బస్తాలు నింపుకున్న లారీలు మార్కెట్ యార్డు వైపు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. కాసేపటికి ఆయన కూడా తినకుండానే వచ్చి నా పక్కన నిలబడ్డారు.